తోడికోడళ్ళ ఆకుతోట, వెల్లుల్లి నీళ్ళు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి మూడు పక్కలా తమలపాకు తోటలు, నాలుగో పక్క ఏరు. ఏటి నీళ్ళు తాగి ఆకు పెరిగేది, ఆకు కోసుకుని ఊరు బతికేది. సూరీ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి చోటియ్యి. అమ్ములూ, దిండు నమలకు, అది మీ తాతది. ఇద్దరూ ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే కథ ఆగుతుంది.

ఆ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ అచ్చియ్యమ్మ, చిన్నావిడ పైడమ్మ. అన్నదమ్ములు తోట పంచుకున్నారు, నలభై సాళ్ళు అన్నకి, నలభై సాళ్ళు తమ్ముడికి. మధ్యలో ఒక తడిక. కాలవ మాత్రం ఒక్కటే. ఏటి నుంచి నీళ్ళు ముందు అచ్చియ్యమ్మ తోటలోకి వచ్చి, అక్కణ్ణుంచి తడిక కింద నుంచి పైడమ్మ తోటలోకి పోయేవి.

ఆకుతోట ఎప్పుడైనా చూశారా? చూడలేదు కదా. వరసలుగా అవిశె చెట్లు నాటుతారు. వాటి మీదికి తమలపాకు తీగలు ఎక్కిస్తారు. లోపలికి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా చలవ పందిట్లో ఉన్నట్టు ఉంటుంది. ఎప్పుడూ నీడ, ఎప్పుడూ తడి. అందుకే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి తోట వాకిట్లో ఒక నీళ్ళ కుండ, ఒక చెంబు. ఎవరొచ్చినా కాళ్ళూ చేతులూ కడుక్కునే లోపలికి అడుగు పెట్టాలి. రాజుగారొచ్చినా అంతే. ఒక తోట మట్టి ఇంకో తోటలోకి పోకూడదని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి.

ఇక అచ్చియ్యమ్మ సంగతి. ఎనిమిదేళ్ళుగా కోటలోకి తాంబూలం ఆకు ఆవిడ తోట నుంచే వెళ్ళేది. శుక్రవారం శుక్రవారం కోట నుంచి తాంబూలాల పెద్ద అప్పన్న వచ్చేవాడు. అచ్చియ్యమ్మ బొటనవేలికి ఇనపగోరు తొడుక్కుని ఆకు కోసేది, కడిగేది, పేర్చేది, కట్టేది, గంపకెత్తేది. కోసి, కడిగి, పేర్చి, కట్టి, గంపకెత్తి, అప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని వీధంతా ఒకసారి చూసేది, అందరూ చూస్తున్నారా లేదా అని. ఆ ఆకు కట్టని ఊళ్ళో కోట కట్ట అనేవారు. ఆవిడకి పిల్లలు ముగ్గురు ఉన్నా, వాళ్ళకంటే ఒక వీసం ఎక్కువ ముద్దు ఆ కట్టంటే.

పైడమ్మది మెట్ట ఊరు. మిరప, వెల్లుల్లి పండే ఊరు. కాపరానికి వచ్చిన కొత్తలో తోట చూసి, ఈ తీగలు ఎప్పుడు కాస్తాయక్కా అని అడిగిందట. తమలపాకు తీగకి కావలసింది ఆకు గాని కాయలెందుకు? అచ్చియ్యమ్మ పడీ పడీ నవ్వి, నీళ్ళ రేవులో చెప్పి, గానుగ దగ్గర చెప్పి, పెళ్ళిలో చెప్పి, చావు ఇంట్లో కూడా చెప్పింది. పైడమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడని వాళ్ళు మర్చిపోతారని మాత్రం అనుకోకండి.

ఊ కొడుతున్నారా?

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పట్టుకున్నవి వదల్లేదు. పది రోజులు ముసురు. పదకొండో రోజున అచ్చియ్యమ్మ తోటలోకి వెళ్ళి చూస్తే ఒక ఆకు మీద నల్లమచ్చ, చుట్టూ పసుప్పచ్చ గీత. పక్కాకు తిప్పింది, దాని మీదా మచ్చ. మర్నాటికి తీగంతా మచ్చ, వారానికి సాలంతా మచ్చ. మచ్చ నడిమిన బూజు, బూజు పట్టిన చోట చిల్లు, చిల్లు పడిన ఆకు రాలుడు.

అచ్చియ్యమ్మ మొగుడు వీరన్న మంచివాడే గానీ బుర్ర కాస్త మందం. దిష్టి తగిలిందన్నాడు. బూడిద గుమ్మడికాయ కట్టాడు. మచ్చలు ఆగలేదు. పాత చెప్పు కట్టాడు. ఆగలేదు. ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాడు. ఇంట్లో అందరికీ దగ్గు వచ్చింది, మచ్చలకి మాత్రం రాలేదు.

అదంతా ఓర్చుకునేదే అచ్చియ్యమ్మ. ఊళ్ళో అన్ని తోటలకీ ఉంది గనక ఓర్చుకునేదే. కానీ ఒకనాడు తడిక సందులోంచి అవతలికి చూసింది. పైడమ్మ తోట పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు, చిలక పచ్చ. పైడమ్మ ఆకు కోస్తోంది, కడుగుతోంది, పేరుస్తోంది, కడుతోంది, గంపకెత్తుతోంది. ఆవిడ ఆకు కోస్తే ఈవిడ కడుపులో చురుక్కుమంది. కడిగితే భగ్గుమంది. పేరిస్తే నిద్ర ఎగిరిపోయింది. కడితే ఆకలి పోయింది. గంపకెత్తేసరికి అచ్చియ్యమ్మకి ఒళ్ళే కాలిపోయింది. పట్టుకుని చూస్తే జ్వరం లేదు.

ఆ రోజు అచ్చియ్యమ్మ చారులో ఉప్పు మరిచిపోయింది. అత్తగారు సింహాలమ్మ ఒక్క ముద్ద తిని కోడలి మొహం చూసింది.

"ఏమే అచ్చీ, తడిక దగ్గర అంతసేపు నిలబడ్డావు, తడికని ఆరబెడుతున్నావా?"

"మీ చిన్న కోడలు ఏదో మంత్రం వేస్తోందత్తా. లేకపోతే నా తోటకి పట్టిన బూజు దాని తోటకి పట్టదా? ఆ మెట్ట ఊరి వాళ్ళకి ఇలాంటివన్నీ వచ్చు."

"మంత్రమైతే నాక్కూడా నేర్పమను. మోకాళ్ళ నొప్పులకి వేసుకుంటా."

మర్నాడు సాయంత్రం తడిక వైపు నుంచి గాలి వీచింది. ఆ గాలిలో వెల్లుల్లి వాసన. అచ్చియ్యమ్మ ముక్కు ఊళ్ళోకెల్లా మంచి ముక్కు. ఆవిడ వంట చేస్తే వాసనకే సగం కడుపు నిండేది. ఆకుతోటలో వెల్లుల్లి వాసనేమిటి అనుకుంది. తడిక సందులో కన్ను పెట్టింది. పైడమ్మ కుండలోంచి ఏవో నీళ్ళు ఈనెల చీపురుతో ఆకుల మీద చిలకరిస్తోంది. అయితే ఇదా సంగతి, వెల్లుల్లి కషాయమా, అంది అచ్చియ్యమ్మ లోలోపల. మెట్ట ఊరి దానికి వచ్చింది నాకు రాదా అనుకుంది.

అడిగితే సరిపోయేది. ఏమే పైడీ, ఆ చిలకరించేదేమిటి అంటే పోయేది. కానీ ఎనిమిదేళ్ళు కోట కట్ట కట్టిన మనిషి, తీగకి కాయలెప్పుడు కాస్తాయని అడిగిన దాన్ని పట్టుకుని ఆకు సంగతి అడుగుతుందా? అడగదు. అందుకని సొంతంగా చేసింది.

కషాయం అంటే ఏమిటి? మరిగించేది. అచ్చియ్యమ్మకి తెలిసింది వంట. వెల్లుల్లి ఒలిచి, పెద్ద గుండిగలో వేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి, నాలుగు పాళ్ళు ఒక పాలు అయ్యేదాకా మరిగించింది. ఆ వాసనకి వీధిలో పోయే వాళ్ళంతా ఆగారు. అచ్చియ్యమ్మా, రసం పెడుతున్నావా, ఒక గిన్నె పట్టుకెళ్ళమంటావా అని ముగ్గురు అడిగారు. వీరన్న అయితే గుండిగ దగ్గరికి కంచం తెచ్చుకుని కూర్చున్నాడు. అతన్ని లేపి, చల్లార్చి, తోటంతా చిలకరించింది.

ఐదు రోజులు చూసింది. ఆకులు ఘుమఘుమలాడాయి గానీ మచ్చలు తగ్గలేదు. పదిహేను సాళ్ళు పోయాయి.

ఎందుకు తగ్గలేదంటావు సూరీ? ఊ కొట్టడం కాదు, చెప్పు. తెలీదా? ఆవిడకీ తెలీదు. వెల్లుల్లి పచ్చిగా దంచినప్పుడు ముక్కు పగిలే ఘాటు వస్తుంది చూశావా, బూజుని చంపేది ఆ ఘాటే. మరిగిస్తే అది పోయి కమ్మదనం మిగులుతుంది. కమ్మదనం మనకి, ఘాటు బూజుకి. మీ అమ్మమ్మ చదువుకున్న మనిషి, ఊరికే చెప్పదు.

అచ్చియ్యమ్మ మాత్రం అనుకుంది, పైడి ఇంకేదో కలుపుతోంది, దాస్తోంది. దగ్గరికి వెళ్ళి చూడాల్సిందే. సాయంత్రం అవుతుండగా తన తోటలో బూజు పట్టిన ఆకులు ఏరుతూ ఏరుతూ, చేతులు దులుపుకోకుండానే పైడమ్మ తోట వాకిలికి వెళ్ళింది. కుండ ఉంది. చెంబు ఉంది. చెంబు ముంచితే బుడబుడ చప్పుడవుతుంది, లోపల పైడమ్మ ఉంది. కాళ్ళు కడగలేదు. చేతులు కడగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కడగని కాళ్ళతో ఇంకొకరి తోటలో అడుగు పెట్టింది. ఈశాన్యం మూల రెండు సాళ్ళ మధ్య గొంతుకూర్చుని చూసింది.

పైడమ్మ రోట్లో పచ్చి వెల్లుల్లి దంచుతోంది. దబ్బు దబ్బు దబ్బు. దంచిన ముద్ద చన్నీళ్ళలో వేసింది. పొయ్యి లేదు, నిప్పు లేదు. అంతకుముందే నానబెట్టిన ఇంకో కుండలోది గుడ్డలో వడకట్టింది. ఓహో, మరిగించకూడదన్నమాట, అనుకుంది అచ్చియ్యమ్మ. అంతలో అరికాలి మీద గండుచీమ కుట్టింది. కెవ్వుమనకుండా పెదవి కొరుక్కుని, వంగుని వంగుని బయటపడింది. ఆ తర్వాత పైడమ్మ ఇంకేం చేసిందో చూడలేదు. సగం చూసిన వాళ్ళకి ఎంత ధైర్యం వస్తుందో పూర్తిగా చూసిన వాళ్ళకి అంత రాదు.

పైడి ఒక గుప్పెడు దంచితే నేను పది గుప్పెళ్ళు దంచుతాను అనుకుంది. దంచింది. పైడి సాయంత్రం చిలకరిస్తే నేను పొద్దున్నే మొదలుపెడతాను అనుకుంది. మొదలుపెట్టింది, మిట్టమధ్యాహ్నం దాకా పోసింది. ఆ రోజే ముసురు విడిచి ఎండ కాసింది. నీళ్ళు కలపని చిక్కటి రసం, పైన ఎండ. సాయంత్రానికి లేత ఆకులు అంచులు మాడిపోయి అప్పడాల్లా ముడుచుకున్నాయి. బూజు తిన్నది కొంత, అచ్చియ్యమ్మ కాల్చింది కొంత. పదిహేను పోయినవి ముప్పై నాలుగయ్యాయి. ఆరు సాళ్ళు మిగిలాయి.

అమ్ములూ, పడుకున్నావా? ఊ అను. ఆ.

వారం తిరిగేసరికి పైడమ్మ తోటలో ఈశాన్యం మూల రెండు సాళ్ళలో మచ్చలు కనిపించాయి. సరిగ్గా ఆ రెండు సాళ్ళే. తడిక సందులోంచి చూసిన అచ్చియ్యమ్మకి ముందు వచ్చింది సంతోషం. ఉన్న మాట చెప్పుకోవాలి, సంతోషమే వచ్చింది. దాని మందూ పనిచెయ్యలేదు, దాని తోటా పోతుంది, ఇక కోట కట్ట ఎవరికీ లేదు. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది. కంటినిండా నిద్ర పట్టింది. పొద్దున లేచి కాళ్ళకి పసుపు రాసుకుంటూ అరికాలు చూసుకుంది. చీమ కుట్టిన చోట చిన్న మచ్చ. ఆ మూలకి బూజు ఎవరు మోసుకెళ్ళారో అప్పుడు తట్టింది. రాత్రి ఎక్కువ తిన్న ఆ రెండు ముద్దలూ కడుపులో రాళ్ళలా కూర్చున్నాయి.

పైడమ్మ ఏడవలేదు, అరవలేదు. మచ్చపడ్డ ఆకులన్నీ తుంచి గొయ్యి తీసి పూడ్చింది. చిలకరించింది. నాలుగు రోజులాగి మళ్ళీ చిలకరించింది. తొమ్మిదో రోజుకి ఆ రెండు సాళ్ళలో కొత్తాకు మచ్చ లేకుండా వచ్చింది. అంటే మందు నిజమే.

ఇన్ని శుక్రవారాలూ అచ్చియ్యమ్మ మచ్చలేని ఆకు ఏరి, వీధి అరుగు మీదే కట్ట ఇచ్చి పంపేసింది. ఆ శుక్రవారం అప్పన్న తోటలోకే వచ్చాడు. నెల రోజుల్లో రాజుగారి కూతురి పెళ్ళి, మామూలు కట్ట సరిపోదు, పెద్ద బండికి సరిపడా ఆకు కావాలన్నాడు. అచ్చియ్యమ్మ తోట చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఏం తల్లీ, నీ తోటేమిటి, ముసలాయన తలలా ఉంది?"

అప్పన్న తడిక మీదుగా తల ఎత్తి అటు చూశాడు.

"ఈసారికి చిన్నమ్మ దగ్గర తీసుకుంటాలే. ఏమనుకోకు."

అతను వెళ్ళిపోయాక అచ్చియ్యమ్మ అరుగు మీద కూలబడింది. సింహాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ ఓదార్చే రకం కాదు. నీకు ఇంకా ఎన్ని సాళ్ళు బతికున్నాయని అడిగింది. ఆరు అంది కోడలు. ఆ ఆరూ పోతే మళ్ళీ నాటుకోడానికి తీగ ముక్క ఎక్కడ తెస్తావు అని అడిగింది.

"తోటే పోయాక కోట కట్ట ఎవరిదైతే నీకేంటే? కట్ట గురించి ఏడుస్తావు గాని ఆ ఆరు సాళ్ళ గురించి ఏడవ్వేం?"

అచ్చియ్యమ్మ సాయంత్రం దాకా కూర్చుంది. కూర్చుని కూర్చుని లేచింది. పైడమ్మ తోట వాకిలికి వెళ్ళింది. చెంబు ముంచింది. కుడికాలు కడుక్కుంది, ఎడంకాలు కడుక్కుంది, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. ఎనిమిది చెంబులు పోసుకుంది, వీధి చివరిదాకా వినపడేటంత చప్పుడుతో. లోపల రోకలి ఆగింది.

"రా అక్కా," అంది పైడమ్మ.

అచ్చియ్యమ్మ లోపలికి వెళ్ళింది గాని కూర్చోలేదు.

"నీ ఈశాన్యం మూలకి బూజు తెచ్చింది నేనే. కాళ్ళు కడక్కుండా వచ్చాను."

"తెలుసు. మట్టెల గుర్తులున్నాయి మట్టిలో. ఊళ్ళో మూడు వరసల మట్టెలు పెట్టుకునేది నువ్వొక్కదానివే."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నువ్వు గుండిగ పొయ్యి మీద పెట్టిన రోజే తెలుసు నాకు. మరిగించొద్దని తడిక ఇవతల నుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు."

"ఎందుకే?"

పైడమ్మ రోలు తుడుస్తూ అంది, "ఎనిమిదేళ్ళు ప్రతి శుక్రవారం నీ గంప చూశానక్కా. నువ్వు నడుం మీద చెయ్యేసుకుంటే నాకూ ఇక్కడ కాలేది. నీ ఆకు మాడుతుంటే చల్లగా ఉంది. అబద్ధమెందుకు, నాలుగు రోజులు బాగా చల్లగా ఉంది."

అచ్చియ్యమ్మకి కోపం రావాలి. రాలేదు. అంతకుముందు తను రెండు ముద్దలు ఎక్కువ తిన్నది గుర్తుకొచ్చింది. నవ్వొచ్చింది. పైడమ్మకీ వచ్చింది. తోడికోడళ్ళు నవ్వుకున్నారు గాని కౌగలించుకోలేదు, మన వాళ్ళు అలాంటివి చెయ్యరు.

"మరి నాలుగు రోజుల తర్వాత?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

"తర్వాత కాలవ చూశాను. నీళ్ళు నీ తోటలోంచే కదా నాకు వచ్చేది. నీ బూజు ఆగకపోతే నేనెన్నాళ్ళు చిలకరిస్తాను? నేనే వద్దామనుకున్నాను. కాళ్ళు లేవలేదు. కూర్చో, చెప్తాను."

చెప్పింది. వెల్లుల్లి పచ్చిగా దంచాలి. చన్నీళ్ళలో ఒక పూట నానబెట్టాలి. గుడ్డలో వడకట్టి, ఆ రసానికి ఇన్ని కుండల నీళ్ళు కలపాలి, చిక్కగా పోస్తే ఆకు మాడుతుంది. తమలపాకు నున్నగా ఉంటుంది గనక నీళ్ళు పోస్తే జారిపోతాయి, అందుకని రెండు దోసిళ్ళ కుంకుడు రసం పొయ్యాలి, అప్పుడు అతుక్కుంటుంది. ఎండ దిగాక చిలకరించాలి. ఆకు పైన కాదు, ఆకు తిప్పి కింద. ఆకు కోశాక చిలకరించాలి గాని కోతకి ముందు కాదు, లేకపోతే రాజుగారి తాంబూలం ఆవకాయ వాసనేస్తుంది. మచ్చపడిన ఆకు తోటలో పారెయ్యకూడదు, పూడ్చాలి. బూజు రాకముందు నుంచే చిలకరిస్తే ఇంకా మంచిది.

"పోయిన ముప్పై నాలుగు?" అంది అచ్చియ్యమ్మ.

"అవి రావక్కా. పీకి తగలెయ్యడమే. మందు బతికున్నదాన్ని కాపాడుతుంది, చచ్చినదాన్ని లేపదు."

మర్నాటి నుంచి ఇద్దరూ రెండు తోటలకీ చిలకరించారు. పైడమ్మ దంచింది, అచ్చియ్యమ్మ వడకట్టింది, సింహాలమ్మ కుంకుళ్ళు కొట్టింది. వీరన్న మోశాడు. ఇది తాగేది కాదని అతనికి మూడుసార్లు చెప్పారు. దంచి, నానబెట్టి, వడకట్టి, కలిపి, చిలకరించి. దంచి, నానబెట్టి, వడకట్టి, కలిపి, చిలకరించి. ఊ కొట్టండి, ఇక్కడ నిద్రపోకూడదు. పదిహేను రోజులకి ఆరు సాళ్ళూ నిలబడ్డాయి. కొత్త చిగురు, మచ్చ లేని చిగురు. ముప్పై నాలుగు సాళ్ళూ పీకి, పైడమ్మ తోటలోంచి తీగ ముక్కలు తెచ్చి నాటారు.

పెళ్ళికి బండెడు ఆకు కావాలి. పైడమ్మ నలభై సాళ్ళు ఎంత కోసినా బండిలో ఒక మూల ఖాళీ మిగిలింది. అచ్చియ్యమ్మ ఆరు సాళ్ళ ఆకూ కోసి ఆ మూల నింపింది. అప్పన్న వచ్చి, ఇందులో ఏ ఆకు ఎవరిదని అడిగాడు. పైడమ్మ, ఒకే కాలవ నీళ్ళు, ఎవరిదని చెప్పను అంది. అచ్చియ్యమ్మ నోరు తెరిచింది, మా ఆరు సాళ్ళ ఆకు ఆ మూల పైన ఉంది చూడు అనడానికి. తెరిచి మూసింది. ఆవిడ జీవితంలో అంత కష్టపడి చేసిన పని ఇంకోటి లేదు.

ఆ తర్వాత ఒక శుక్రవారం అక్క, ఒక శుక్రవారం చెల్లెలు కట్ట కట్టేవారు. ఊళ్ళో మిగతా తోటల వాళ్ళు కూడా వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుని, ఆ వెల్లుల్లి నీళ్ళ సంగతి అడిగి తెలుసుకున్నారు. బూజు వచ్చినా పెరగలేదు. ఊరు ఆకు కోసుకుని చల్లగా బతికింది.

అసూయ పోయిందా అమ్మమ్మా అని అడుగుతావేమో. పోలేదు. ఎక్కడికి పోతుంది? పైడమ్మ ఆకు కాస్త వెడల్పుగా కనిపిస్తే అచ్చియ్యమ్మ కన్ను అటే పోయేది, కడుపులో చురుక్కుమనేది. కానీ అలా చురుక్కుమన్న రోజు వంట ఆపి, నేరుగా వెళ్ళి, ఏమే పైడీ, ఈసారి ఏం చేశావే, ఇంత వెడల్పొచ్చిందీ అని అడిగేది. ఆవిడ చెప్పేది. ఆవిడకి చురుక్కుమంటే ఈవిడ దగ్గరికి వచ్చి, చారులో నువ్వేం వేస్తావక్కా అని అడిగేది. ఈవిడ చెప్పేది, ఒక్కటి మాత్రం దాచుకుని.

అదీ సంగతి. పక్కవాడి తోట పచ్చగా ఉంటే సందులోంచి చూడకండి. వాకిట్లోకి వెళ్ళి అడగండి. సిగ్గు ఒక్క పూటే ఉంటుంది.

ఇక కథ కంచి బండెక్కింది, మీరిద్దరూ దుప్పట్లో దూరండి. సూరీ, చెల్లెలి వైపు దుప్పటి లాక్కోకు.